ఆర్‌వీలోనే కాపురమా? ఇంటర్నెట్, టీవీ, ఫోన్‌లలో ఏది ఎందుకు తీసుకోవాలి

మూడేళ్ల కిందట అమెరికాలో అద్దె ఇల్లు ఖాళీ చేసి ముప్ఫై అడుగుల ట్రైలర్‌లోకి (ఆర్‌వీ అంటే ఇలా చక్రాల మీద కదిలే ఇల్లు) మారినప్పుడు మేం నీళ్ల ట్యాంకుల గురించి, ప్రొపేన్ గురించి, చలికి పైపులు గడ్డకట్టడం గురించి తెగ చదివాం. ఇంటర్నెట్ సంగతి మాత్రం "క్యాంప్‌గ్రౌండ్‌లో ఫ్రీ వైఫై ఉందిగా" అని వదిలేశాం. మొదటి సోమవారం పొద్దున మా ఆయన మీటింగ్‌లో మాట్లాడుతుంటే స్క్రీన్ మీద ఆయన బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది. ఆ రోజు మిగతా పనంతా ఊళ్లోని లైబ్రరీ పార్కింగ్‌లో, కారులో కూర్చుని చేసుకున్నారు. సాయంత్రం నా వంతు. వారానికి నాలుగు రోజులు పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతాను. అదే కారు, అదే పార్కింగ్.

అప్పటినుంచి మేం కొన్నవీ, వాడి అమ్మేసినవీ చాలానే ఉన్నాయి. ఆర్‌వీకి మారదామనుకుంటున్న మనవాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న "ఏది బెస్ట్?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రోజూ కదిలే ఇంట్లో ఏ సర్వీసైనా ఏదో ఒకచోట చేతులెత్తేస్తుంది. ఒకటి పోయినచోట రెండోది పనిచేసే జత ఏదో వెతుక్కోవాలి. ఒకే కంపెనీ దగ్గర పెద్ద ప్లాన్ తీసుకోవడం కంటే, వేర్వేరు దారుల్లో వచ్చే రెండు చిన్న ప్లాన్లు పెట్టుకోవడం మేలు. మిగతాదంతా ఆ జతను ఎలా ఎంచుకోవాలన్న సంగతే.

ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

బండి ఎక్కువగా ఎక్కడ ఆపుతారు? అరిజోనా, న్యూ మెక్సికో ఎడారుల్లోనా, ఓరెగాన్ దేవదారు చెట్ల కిందా? కరెంటు హుకప్ (కనెక్షన్) ఉన్న పార్కుల్లోనా, బీఎల్‌ఎం (ప్రభుత్వ భూములు చూసే సంస్థ) భూముల్లో సోలార్ మీదా? నెట్ పోతే ఉద్యోగానికి ఇబ్బందా, సినిమా ఆగుతుందా? ఈ మూడింటికి జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ మనవాళ్లకు ఒక మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇవేవీ కొనేముందు కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. మీ పిటిషన్ ఎల్‌సీఏలో (కంపెనీ కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తులో) రాసిన పనిచోటుకు ముడిపడి ఉంటుంది. ఆ మెట్రో ప్రాంతం దాటి పనిచేస్తే సవరణ పిటిషన్ వేయాల్సి రావచ్చు. అడ్రస్ మారితే 10 రోజుల్లో ఏఆర్-11 (అడ్రస్ మార్పు ఫారం) పెట్టాలి. "రిమోట్ జాబే కదా, ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు" అన్నది సిటిజన్లకూ గ్రీన్‌కార్డు వాళ్లకూ చాలావరకు నిజం. హెచ్1బీ వాళ్లకు కాదు.

క్యాంప్‌గ్రౌండ్ వైఫై

త్వరగా ముగించేస్తాను. వంద సైట్లున్న (బండ్లు ఆపే చోట్లున్న) పార్కులో ఒక కనెక్షన్‌ను అందరూ పంచుకుంటారు. పగలు పదకొండింటికి ఈమెయిల్ వస్తుంది, రాత్రి ఎనిమిదింటికి అదీ రాదు. ఫోన్ అప్‌డేట్లకు, పొద్దున్నే లేస్తే సినిమాలు డౌన్‌లోడ్ చేసుకోవడానికి వాడుకోండి. సైట్ దగ్గరే కేబుల్ లేదా ఫైబర్ ఇచ్చే పార్కులు కొన్ని ఉన్నాయి, వాటి లెక్క వేరు. బుక్ చేసేటప్పుడు "వైఫై ఉందా" అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. "నిన్న రాత్రి మీ ఆఫీసులో వీడియో ఆడిందా" అని అడిగి చూడండి.

సెల్ డేటా: అందరూ మొదలుపెట్టాల్సింది ఇక్కడే

అమెరికాలో పేర్లు ఎన్నున్నా దేశమంతా పరుచుకున్న నెట్‌వర్క్‌లు మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. స్ప్రింట్ 2020లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. విజిబుల్ వెరైజన్‌ది, క్రికెట్ ఏటీ అండ్ టీది, మెట్రో, మింట్ టీ-మొబైల్‌వి. ఈ చుట్టరికాలు తెలియక చాలామంది రెండు కంపెనీల సిమ్‌లు కొని, రెండూ ఒకే టవర్ మీద ఆడుతున్నాయని అడవిలోకి వెళ్లాక తెలుసుకుంటారు. వెరైజన్ ఉన్నవాళ్లు రెండోదిగా విజిబుల్ తీసుకుంటే అటు పోయినప్పుడు ఇటూ పోతుంది. వెరైజన్‌కు తోడు ఏటీ అండ్ టీ గానీ టీ-మొబైల్ గానీ తీసుకోండి.

ఏ జత? ఊళ్లలో, ఇంటర్‌స్టేట్ రోడ్ల వెంట టీ-మొబైల్ 5జీ వేగం బాగుంటుంది. కొండల్లోకి, పల్లెల్లోకి వెళ్తే వెరైజన్, ఏటీ అండ్ టీలకు పట్టు ఎక్కువని మా అనుభవం. అయినా రాష్ట్రానికో తీరు ఉంటుంది. కంపెనీల మ్యాపుల్లో రంగు నిండుగా ఉన్నంత మాత్రాన ట్రైలర్ లోపల సిగ్నల్ ఉంటుందని కాదు. మా ట్రైలర్ గోడల్లో అల్యూమినియం ఉంది, తలుపు వేస్తే సిగ్నల్ ఒక గీత తగ్గుతుంది. కొన్ని చోట్ల ఏ కంపెనీ మ్యాపూ పనికిరాదు. వెస్ట్ వర్జీనియాలో గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని 1958లోనే రేడియో నిశ్శబ్ద మండలంగా ప్రకటించారు. టెలిస్కోప్ దగ్గరి ఊళ్లలో సెల్ సిగ్నల్ కోసం వెతకడం దండగ. శరదృతువులో ఆకుల రంగులు చూడటానికి అటు వెళ్లేవాళ్లు సెలవు పెట్టుకుని వెళ్లండి.

ప్లాన్‌లో చూడాల్సింది 'అన్‌లిమిటెడ్' అనే మాట కాదు, రెండు చిన్న లైన్లు. మొదటిది, హాట్‌స్పాట్‌కు ఎంత డేటా ఇస్తారు? ఫోన్‌లో చూసుకునే డేటాకు హద్దు లేకపోయినా, ల్యాప్‌టాప్‌కు ఇచ్చే డేటా చాలా ప్లాన్లలో కొన్ని పదుల జీబీలతో ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చే వేగం వాట్సాప్ మెసేజ్‌కు సరిపోతుంది, మీటింగ్‌కు చాలదు. రెండోది, టవర్ రద్దీగా ఉన్నప్పుడు మీ వంతు ఎప్పుడు? చవక ప్లాన్ల వాళ్లను వరసలో వెనక్కి నెడతారు. మామూలు రోజుల్లో తేడా తెలియదు. జనవరిలో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ వెళ్లండి. చలికి దక్షిణాదికి దిగివచ్చిన ఆర్‌వీలన్నీ ఆ చిన్న ఊరి చుట్టూ ఎడారిలో చేరతాయి. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు.

2025 నాటి విజిబుల్ 25 డాలర్ల ప్లాన్‌లో హాట్‌స్పాట్‌కు డేటా హద్దు లేదు గానీ వేగం 5 ఎంబీపీఎస్ దాటదు, ఒక్క పరికరమే కలుస్తుంది. ఒక మనిషి, ఒక ల్యాప్‌టాప్, బ్యాకప్ అవసరం అంటే ఇంతకన్నా చవక బేరం కనిపించదు. ఇద్దరు పనిచేసే ఇంటికి చాలదు. టీ-మొబైల్ 2024లో ఆర్‌వీల వాళ్లకోసమే 'అవే' అనే ప్లాన్ తెచ్చింది. తెచ్చినప్పుడు 200 జీబీకి నెలకు 110 డాలర్లు, హద్దు లేకుండా అయితే 160. అదే కంపెనీ హోమ్ ఇంటర్నెట్ పెట్టె ఇంతకన్నా చాలా చవక. అందుకే చాలామంది దాన్ని ఎవరో బంధువుల అడ్రస్ మీద తీసుకుని ట్రైలర్‌లో పెట్టుకుని తిరుగుతారు. నియమాల ప్రకారం ఆ పెట్టె ఇచ్చిన అడ్రస్ దాటకూడదు. కొన్ని నెలలు ఆడి ఒకరోజు ఆగిపోతే అడిగే మొహం ఉండదు. ఉద్యోగం దానిమీద నడుపుకునేవాళ్లకు ఆ పొదుపు వద్దంటాను.

బూస్టర్ల గురించి అందరూ అడుగుతారు. వీబూస్ట్ లాంటి బూస్టర్ ఉన్న సిగ్నల్‌ను పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించదు. టవర్ రద్దీకి దాని దగ్గర మందు లేదు. పైగా నేటి ఫోన్లు, రౌటర్లు ఒకేసారి రెండు నాలుగు యాంటెన్నాలతో డేటా లాగుతాయి. బూస్టర్ వాటన్నిటికీ బదులు ఒకే దారి ఇస్తుంది. అందువల్ల గీతలు పెరిగి వేగం తగ్గిన సందర్భాలు మాకే ఉన్నాయి. ట్రైలర్ కప్పు మీద ఒక మంచి మిమో యాంటెన్నా (అలా ఒకేసారి పలు దారుల్లో డేటా లాగేది), దానికి కలిపిన, సిమ్‌తో నడిచే సెల్యులార్ రౌటర్ మేలు. సిగ్నల్ బాగా తక్కువున్నచోట ఫోన్ కాల్ నిలబడటానికి మాత్రం బూస్టర్ పనికొస్తుంది. మేం వాడిన బూస్టర్‌ను రెండో ఏడాది అమ్మేశాం.

స్టార్‌లింక్: ఆకాశం కనిపిస్తేనే

పాత శాటిలైట్ ఇంటర్నెట్ భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం మీదుగా వచ్చేది. మాట అటు వెళ్లి ఇటు రావడానికే అర సెకను పైన పట్టేది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దరిదాపుల్లో తిరుగుతాయి కాబట్టి వీడియో కాల్ మామూలుగా నడుస్తుంది. ఆర్‌వీల ప్లాన్ 2022 మేలో తెచ్చారు, ఇప్పుడు దాని పేరు రోమ్. 2025 నాటి ధరల్లో 100 జీబీ ప్లాన్ 50 డాలర్లు, అన్‌లిమిటెడ్ 165. వాడని నెలల్లో 5 డాలర్లు కట్టి స్టాండ్‌బైలో పెట్టుకోవచ్చు, అందులోనూ మెసేజ్‌లకు సరిపడా నెమ్మది నెట్ వస్తుంది. ధరలు తరచూ మారుస్తారు, కొనేముందు చూసుకోండి.

దాని శత్రువు చెట్టు. వాన కంటే చెట్టే ఎక్కువ ఇబ్బంది. ఉపగ్రహాలు ఒకచోట ఉండవు, ఆకాశమంతా దాటుతూ పోతుంటాయి. డిష్‌కు ఒకవైపు కొమ్మ అడ్డం ఉంటే నిమిషానికి ఒకటి రెండు సెకన్లు కట్ అవుతుంది. ఇక్కడే టీవీకీ మీటింగ్‌కూ తేడా తెలుస్తుంది. సినిమా ముందే కొంత తెచ్చిపెట్టుకుంటుంది కాబట్టి ఆ రెండు సెకన్లు మీకు తెలియవు. మీటింగ్‌లో మాత్రం సరిగ్గా మీ మేనేజర్ ప్రశ్న అడిగినప్పుడే కట్ అవుతుంది. "స్టార్‌లింక్ అద్భుతం" అనేవాళ్లూ "దండగ" అనేవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటివాళ్లు ఎడారిలో ఉంటారు, రెండోవాళ్లు చెట్ల కింద. యాప్‌లో ఫోన్ కెమెరాతో ఆకాశం చూపిస్తే అడ్డాలు ఎక్కడున్నాయో చెబుతుంది. బండి లెవెల్ చేసి జాక్‌లు దించేముందే అది చూడండి. తర్వాత చూసి ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

మామూలు డిష్ తీసుకోవాలా, మినీ తీసుకోవాలా? సోలార్ మీద ఉండేవాళ్లకు ఈ ప్రశ్నకు బ్యాటరీయే జవాబు చెబుతుంది. మామూలు డిష్ 75 నుంచి 100 వాట్లు తింటుంది. ఇరవై నాలుగ్గంటలూ వదిలేస్తే రోజుకు 1,800 నుంచి 2,400 వాట్ అవర్లు. 12 వోల్టుల 100 యాంప్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేదే సుమారు 1,280. అంటే ఒక బ్యాటరీ మొత్తం మింగి రెండోదానిలో చేయి పెడుతుంది. 2024లో వచ్చిన మినీ 25 నుంచి 40 వాట్లతో సరిపెట్టుకుంటుంది. పది గంటల పనిదినానికి 250 నుంచి 400 వాట్ అవర్లు. ఇన్వర్టర్ అక్కర్లేకుండా 12 వోల్టుల నుంచే నడుస్తుంది, రౌటర్ లోపలే ఉంటుంది, బరువు కిలోకు కాస్త ఎక్కువ. చెట్ల మధ్య ఖాళీ దొరికినచోటికి పొడుగు వైరుతో ఎత్తుకెళ్లి పెట్టొచ్చు. వేగం పెద్దదానికంటే కొంచెం తక్కువ, మంచు పడే చోట పెద్దదే నయం. కరెంటు హుకప్ ఉన్న పార్కుల్లోనే ఉండేవాళ్లకు పెద్ద డిష్, మిగతా అందరికీ మినీ. పెద్ద డిష్‌ను ట్రైలర్ కప్పుకు బిగించకండి. బండి నీడలో, డిష్ ఎండలో ఉండాలంటే అది విడిగా ఉండాలి. ఆగస్టులో టెక్సస్‌లో చెట్టు నీడ వదులుకున్నవాళ్లకు ఈ మాట బాగా తెలుసు.

స్టార్‌లింక్‌నూ సెల్ డేటానూ ఒకే రౌటర్‌కు కలిపి, ఒకటి తడబడితే కాల్ తెగకుండా రెండోదానిమీదికి మార్చే ఏర్పాటు కూడా ఉంది. పెప్‌లింక్ రౌటర్లలో అది ప్రసిద్ధం. దాని ఖరీదు చూసి మేం ఆగిపోయాం. మీటింగ్‌కు ముందు ల్యాప్‌టాప్‌లో రెండు వైఫైలూ సేవ్ చేసి పెట్టుకుని, అవసరమైతే చేత్తో మార్చుకుంటాం. పది సెకన్ల సిగ్గు, అంతే. రోజంతా క్లయింట్‌తో మాట్లాడే ఉద్యోగమైతే ఆ రౌటర్‌కు డబ్బు పెట్టడంలో తప్పులేదు.

టీవీ: ఖర్చు తక్కువ నుంచి మొదలెట్టండి

చాలా ఆర్‌వీలకు కప్పు మీద యాంటెన్నా ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కు మారాయి. అప్పటినుంచి ఊరికి నలభై, యాభై మైళ్ల లోపల ఉంటే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ శుభ్రమైన హెచ్‌డీలో ఉచితంగా వస్తాయి. టోర్నడో హెచ్చరికలు వచ్చే ప్రాంతాల్లో లోకల్ వార్తలు సరదా కోసం కాదు, నెట్ పోయినా యాంటెన్నా ఆడుతుంది. ఛానెళ్లు రావడం లేదంటే తొంభై శాతం కారణం గోడమీద చిన్న బటన్. దాని పక్కన చిన్న లైటు వెలిగితే యాంటెన్నా బూస్టర్ ఆన్‌లో ఉన్నట్టు. యాంటెన్నాకు అది వెలగాలి, పార్కు కేబుల్ వాడేటప్పుడు ఆరాలి. కొత్త ఊరికి చేరిన ప్రతిసారీ ఛానెళ్లు మళ్లీ స్కాన్ చేయాలి. పైకి తిప్పే రకం యాంటెన్నా అయితే బయల్దేరేముందు దించడం మర్చిపోకండి. స్టీరింగ్ మీద చీటీ అతికించుకునేవాళ్లున్నారు, వాళ్లను చూసి నవ్వొద్దు.

శాటిలైట్ టీవీలో డిష్ అనే కంపెనీ వాళ్ల టెయిల్‌గేటర్ లాంటి చిన్న యాంటెన్నాతో నెల నెలా కట్టుకునే ప్లాన్ దొరుకుతుంది. డైరెక్‌టీవీకీ ఆర్‌వీ ఏర్పాట్లున్నాయి. ఆటలు వదలకుండా చూసేవాళ్లకు, నెట్ బొత్తిగా లేనిచోట ఉండేవాళ్లకు ఇదే సరి. దీనికి దక్షిణ దిక్కు తెరిపిగా ఉండాలి. ఊరు మారితే లోకల్ ఛానెళ్లకోసం ఫోన్ చేసి చోటు మార్పించుకోవాలి. స్టార్‌లింక్ వచ్చాక కొత్తగా కొనేవాళ్లకు ఇది నేను చెప్పను. ఇప్పటికే పరికరాలు ఉన్నవాళ్లు వాడుకోవచ్చు.

మిగిలింది స్ట్రీమింగ్. అక్కడ తిరకాసు 'ఇల్లు ఎక్కడ' అన్న ప్రశ్న. యూట్యూబ్ టీవీ మీరున్న ఊరి లోకల్ ఛానెళ్లు చూపిస్తుంది గానీ మూడు నెలలకోసారైనా ఇంటి ప్రాంతం నుంచి తెరవమంటుంది, ఆ ప్రాంతాన్ని ఏడాదికి రెండుసార్లే మార్చనిస్తుంది. హులు లైవ్ టీవీ స్థిరమైన ఇంటి కనెక్షన్‌కు ముడిపడింది, మొబైల్ హాట్‌స్పాట్‌ను ఇల్లుగా ఒప్పుకోదు. ఆర్‌వీకి అది పనికిరాదు. తెలుగు ఛానెళ్లకు స్లింగ్‌లో విడిగా ప్యాక్ ఉంది, యప్ టీవీ ఉంది, సినిమాలకు ఆహా ఉంది. క్రికెట్‌కు విల్లో. అత్తగారు, మామగారు ఆరు నెలలు వచ్చి ఉంటే సీరియల్ టైము ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. అప్పుడు 100 జీబీ ప్లాన్ చాలదు. హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 3 జీబీ, రోజుకు మూడు గంటలంటే పదకొండు రోజుల్లో వంద అయిపోతుంది. చిన్న తెరకు ఎస్‌డీ (తక్కువ స్పష్టత వీడియో) చాలు, గంటకు 1 జీబీలోపే. యాప్ సెట్టింగ్స్‌లో ఒకసారి మార్చి వదిలేయండి. మా మామగారు తేడా కనిపెట్టలేదు. మా అత్తగారు కనిపెట్టారు.

ఫోన్: ఇక్కడి నంబరు, అక్కడి నంబరు

ఫోన్‌కు విడిగా కొనాల్సింది తక్కువ. వైఫై కాలింగ్ ఆన్ చేస్తే సెల్ సిగ్నల్ లేనిచోట స్టార్‌లింక్ మీదుగా మామూలు నంబరుతోనే కాల్స్ వస్తాయి. అయితే అందులో 911 (ఎమర్జెన్సీ నంబరు) కోసం ఇచ్చే అడ్రస్ ఒకటుంటుంది. అది మీ పాత ఇల్లుగానే ఉండిపోతే సాయం వేరే రాష్ట్రానికి వెళ్తుంది. ఎక్కువ రోజులు ఆగే ప్రతి చోటా దాన్ని మార్చండి. పార్కు పేరు, సైటు నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి, కంగారులో గుర్తుకు రావు.

మనకు ఇంకో ముడి ఉంది, ఇండియా బ్యాంకు ఓటీపీ. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే అరే లేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ సిమ్ అందులో పట్టదు. అక్కడికి వెళ్లినప్పుడే దాన్ని ఈసిమ్‌గా (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌గా) మార్పించుకుని, రోమింగ్ ఆన్ చేయించుకుని, వ్యాలిడిటీ చూసుకుని రండి. ఫోన్‌లో ఒకేసారి రెండు లైన్లే ఆడతాయి కాబట్టి రెండు అమెరికా నెట్‌వర్క్‌లూ ఫోన్‌లోనే పెడితే ఇండియా నంబరుకు చోటు ఉండదు. రెండో అమెరికా సిమ్‌ను రౌటర్‌లో గానీ పాత ఫోన్‌లో గానీ పెట్టండి. ఈ చిన్న లెక్క తప్పి నేను ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో డబ్బు కదపలేక తొమ్మిది రోజులు ఆగాను.

సిగ్నల్, వైఫై రెండూ లేని ట్రెయిల్ మీద ఐఫోన్ 14, ఆ తర్వాతివి ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపగలవు. టీ-మొబైల్ 2025 జులైలో స్టార్‌లింక్ ఉపగ్రహాల మీదుగా మెసేజ్‌లు మొదలుపెట్టింది. ఒంటరిగా తిరిగేవాళ్లు దీన్ని లగ్జరీ అనుకోకండి.

నేనైతే ఇలా తీసుకుంటాను

ఇద్దరూ పనిచేస్తూ ఊళ్లు తిరిగేవాళ్లకు: స్టార్‌లింక్ మినీ, అన్‌లిమిటెడ్, ఇద్దరి ఫోన్లు రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల మీద, హాట్‌స్పాట్ డేటా ఎక్కువున్న ప్లాన్లతో. టీవీకి యాంటెన్నా, ఒక్క స్ట్రీమింగ్. ఫోన్లు కాక ఇంటర్నెట్‌కు 2025 ధరల్లో నెలకు 165 డాలర్లు. ఇదే మేం వాడుతున్నది.

చెట్ల కిందే ఉండటం ఇష్టమైనవాళ్లకు తలకిందులు: డబ్బు కప్పు మీది యాంటెన్నాకు, రౌటర్‌కు, రెండు సెల్ నెట్‌వర్క్‌లకు పెట్టండి. స్టార్‌లింక్‌ను 100 జీబీ ప్లాన్‌లో బ్యాకప్‌గా ఉంచండి, వాడని నెలల్లో స్టాండ్‌బై.

రిటైరై, చలికాలమంతా ఫ్లోరిడాలోనో అరిజోనాలోనో ఒకే పార్కులో ఉండేవాళ్లకు ఇంత హంగు అక్కర్లేదు. ఆ పార్కు అడ్రస్‌కు కేబుల్ గానీ హోమ్ ఇంటర్నెట్ గానీ వస్తుందేమో ముందు కనుక్కోండి. అది వస్తే అంతకన్నా చవక లేదు.

ఇంకా ఇల్లు ఖాళీ చేయనివాళ్లు ఏమీ కొనకుండానే మొదలెట్టొచ్చు. పెద్ద నెట్‌వర్క్‌లు ఈసిమ్ మీద కొద్ది రోజులు ఉచితంగా వాడి చూడనిస్తాయి. మీదికాని రెండు నెట్‌వర్క్‌ల ట్రయల్ దించుకుని, ఒక శని, ఆదివారాలు మీరు వెళ్దామనుకుంటున్న క్యాంప్‌గ్రౌండ్‌కు కారులో వెళ్లండి. రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వీడియో కాల్ చేయండి, అవతలివాళ్లను అరగంట మాట్లాడమనండి. ఎన్నిసార్లు "హలో, వినిపిస్తోందా" అనాల్సి వచ్చిందో లెక్కపెట్టుకోండి.